కాలనీ వీధిలో వేగానికి కళ్లెం: ఒక ప్రజారోగ్య చరిత్ర



ఆరోగ్యరక్షణ అనగానే రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బులు మన మనసులో మెదులుతాయి. అవి ఆలోచించవలసిన విషయాలే. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 5 నుండి 29 ఏళ్ల వయసు వారి మరణాలకు ప్రధాన కారణం ఏ సూక్ష్మక్రిమీ కాదు, రోడ్డు ప్రమాదమే. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 11.9 లక్షల మంది రోడ్ల మీద ప్రాణాలు కోల్పోయారు. మన దేశంలో 2022లో 4,61,312 ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ నివేదిక తెలుపుతోంది. ఆ మరణాలలో దాదాపు 71 శాతానికి అతివేగమే కారణమని అదే నివేదిక చెబుతోంది.

ఇవన్నీ హైవేల మీద జరిగేవి, మన కాలనీ గేటు లోపల భయమేమిటి అని మీరు అనుకోవచ్చు. ఈ వ్యాసం ఆ గేటు లోపలి వీధి గురించే. ఇళ్ల మధ్య వేగాన్ని అదుపు చేయడానికి మనుషులు నూట అరవై ఏళ్లుగా ఏయే మార్గాలు తొక్కారు, వాటిలో ఏవి ఫలించాయి, మియాపూర్ వంటి చోట మన నివాస సంఘాలు వాటి నుండి ఏమి గ్రహించవచ్చు అన్నది ఇక్కడ చర్చించదలచాను.

గ్రామం నగరమైన తీరు

మియాపూర్ ఒకనాడు నగరానికి వాయవ్యపు అంచున, ముంబై వెళ్లే జాతీయ రహదారి పక్కన, చెరువుల నడుమ ఉన్న గ్రామం. 1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2003 ఆగస్టులో లింగంపల్లి వరకు ఎంఎంటీఎస్ రైళ్లు నడవసాగాయి. అదే సంవత్సరం సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్ ఏర్పడింది. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లి పురపాలక సంఘం మహానగర పాలక సంస్థలో విలీనమైంది. 2017 నవంబరు 28న మియాపూర్ నుండే మెట్రో రైలు మొదలైంది. నాగోల్ వరకు 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లు.

ఈ తేదీల మధ్య మన వీధుల స్వభావం మారిపోయింది. మయూరి నగర్, హుడా కాలనీ, మాతృశ్రీ నగర్ వంటి పాత లేఅవుట్లలోని రోడ్లు ఇళ్ల ముందు మనుషులు నడవడానికి, పిల్లలు ఆడుకోవడానికి, ఉన్న కొద్దిపాటి బండ్లు మెల్లగా వచ్చి పోవడానికి సరిపోయేవి. ఆల్విన్ చౌరస్తాలో, బాచుపల్లి రోడ్డులో వాహనాలు నిలిచిపోయినప్పుడల్లా అవే వీధులు అడ్డదారులవుతాయి. ఆఫీసు బస్సు అందుకోవాలనో, మెట్రో చేరాలనో, పది నిమిషాలలో సరుకు అందించాలనో తొందరపడే బండ్లన్నీ అటే మళ్లుతాయి. వీధి వెడల్పు పెరగలేదు, అందులోని తొందర మాత్రం పెరిగింది. ఆ తొందరను నిభాయించే భారం చివరకు కాలనీ సంక్షేమ సంఘం మీద పడింది.

ఎర్రజెండా నుండి వేగపరిమితి దాకా

యంత్రవాహనపు వేగాన్ని చట్టంతో కట్టడి చేసిన తొలి దేశాలలో బ్రిటన్ ఒకటి. 1865 నాటి చట్టం ప్రకారం ఆవిరియంత్రపు బండి ఊళ్లో గంటకు 2 మైళ్లు, ఊరి వెలుపల 4 మైళ్లు మించి పోరాదు. బండికి ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలి. నేటి వారికి ఇది హాస్యాస్పదంగా తోచవచ్చు. కానీ రోడ్డు మొదట నడిచేవాడిది, బండి దానిలోకి అనుమతితో వచ్చిన అతిథి అన్న భావన ఆ జెండా వెనుక ఉంది.

1896 ఆగస్టు 17న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే మహిళ మోటారుకారు ఢీకొని మరణించింది. బ్రిటన్‌లో కారు వల్ల చనిపోయిన తొలి పాదచారి ఆమె. ఇటువంటిది మరల జరగకూడదని విచారణాధికారి ఆకాంక్షించాడు. అదే నవంబరులో పాత ఆంక్షలను సడలించిన కొత్త చట్టం అమలులోకి వచ్చింది. 1930లో బ్రిటన్ కార్ల వేగపరిమితిని పూర్తిగా ఎత్తివేసింది. 1934 ఒక్క ఏడాదిలోనే అక్కడి రోడ్ల మీద 7,343 మంది మరణించారు, వారిలో సగం మంది దాకా పాదచారులే. ప్రభుత్వం దిగివచ్చి 1935 మార్చి నుండి జనావాసాలలో గంటకు 30 మైళ్ల పరిమితి విధించింది.

ఆ ఘటన జరిగిన చోటును మరొకసారి గమనించండి. అది రాచబాట కాదు. జనం విహారానికి వచ్చే ఒక ప్రదర్శనశాల ఆవరణ, మనం గేటు లోపల అని భావించే స్థలం వంటిదే.

వైద్యులు ఈ రంగంలోకి వచ్చిన విధం

1935 మే నెలలో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపొందిన టి.ఇ. లారెన్స్ ఇంగ్లండులోని ఒక గ్రామీణ మార్గంలో మోటారుసైకిల్ మీద వెళ్తూ, సైకిళ్ల మీద ఉన్న ఇద్దరు బాలురను తప్పించబోయి పడిపోయాడు. ఆరు రోజుల తరువాత తలగాయంతో మరణించాడు. ఆయనను చూసిన వైద్యులలో ఒకరైన నాడీశస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఈ మరణంతో కలత చెంది, మోటారుసైకిల్ తలగాయాలపై అధ్యయనం సాగించి 1941లో తన తొలి పరిశోధనను ప్రకటించాడు. నేటి హెల్మెట్‌కు శాస్త్రీయమైన పునాది అదే. అయినా బ్రిటన్‌లో హెల్మెట్ తప్పనిసరి అయింది 1973లో. వైద్యశాస్త్రం చెప్పిన దానిని చట్టం ఆచరణలోకి తేవడానికి మూడు దశాబ్దాలు దాటాయి.

అమెరికాలో విలియం హాడన్ అనే వైద్యుడు 1966లో అక్కడి జాతీయ రహదారి భద్రతా విభాగానికి తొలి అధిపతి అయ్యాడు. ప్రమాదాన్ని విధిలిఖితంగా కాక వ్యాధి వలె చూడాలని ఆయన బోధించాడు. మలేరియాకు పరాన్నజీవి కారకమైనట్లు, గాయానికి కారకం కదిలే వస్తువులోని శక్తి. ఆ శక్తిని తగ్గించగలిగితే మనిషి తప్పు చేసినా ప్రాణం నిలుస్తుంది.

ఆ శక్తి లెక్క సరళమైనది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తగిలే దెబ్బ ఒకటిన్నర మీటరు ఎత్తు నుండి పడినట్టు. 30 కిలోమీటర్లయితే మూడున్నర మీటర్లు, అంటే మొదటి అంతస్తు నుండి. 50 కిలోమీటర్లయితే దాదాపు పది మీటర్లు, అంటే మూడో అంతస్తు నుండి. మూడో అంతస్తు బాల్కనీకి గ్రిల్ పెట్టించని తల్లిదండ్రులు మనలో ఉండరు. అదే ఎత్తుకు సమానమైన ప్రమాదం ఇంటి ముందు రోడ్డు మీద పోతుంటే చూస్తూ ఊరుకుంటాం.

ఆగే దూరాన్ని కూడా గమనించండి. ఎదురుగా ఏదో కనిపించాక మెదడు గ్రహించి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో పొడి రోడ్డు మీద కారు పదిన్నర మీటర్లలో ఆగిపోతుంది. 40 కిలోమీటర్ల వేగంలో ఆ ఒకటిన్నర సెకనులోనే కారు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది, ఆగేసరికి 25 మీటర్లు దాటుతుంది. అంటే మొదటి కారు పూర్తిగా ఆగిన చోటికి వచ్చేసరికి రెండవ కారు ఇంకా బ్రేకు వేయడం కూడా మొదలుపెట్టలేదు. నిలిపి ఉంచిన కారు చాటు నుండి బంతి వెంట పరుగెత్తే పిల్లవాడి బ్రతుకు ఈ తేడాలోనే ఉంది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల అవకాశం సుమారు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

తల్లిదండ్రులు కదిలిన దేశం

నివాసవీధుల చరిత్రలో మలుపు నెదర్లాండ్స్‌లో వచ్చింది. 1971లో ఆ చిన్న దేశంలో మూడువేలకు పైగా జనం రోడ్ల మీద చనిపోయారు, వారిలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. ‘పిల్లల హత్యను ఆపండి’ అన్న అర్థం వచ్చే పేరుతో అక్కడ ఒక ఉద్యమం పుట్టింది. తల్లిదండ్రులు వీధులలోకి వచ్చారు. అదే కాలంలో డెల్ఫ్ట్ నగరంలో కొత్త తరహా వీధి రూపుదిద్దుకుంది. దానికి ‘నివాస ప్రాంగణం’ అని అర్థమిచ్చే పేరు పెట్టారు. నేరుగా సాగే రోడ్డును వంపులు తిప్పారు, చెట్లు నాటారు, బెంచీలు వేశారు, ఫుట్‌పాత్‌కూ రోడ్డుకూ మధ్య గట్టు తీసివేశారు. అక్కడికి వచ్చిన డ్రైవరుకు తాను ఎవరి పెరట్లోనో ఉన్నానని అనిపిస్తుంది, కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. 1976లో ఈ విధానానికి అక్కడ చట్టబద్ధత లభించింది. డ్రైవరుకు నీతి బోధించడం కన్న వీధి రూపం మార్చడం మేలన్నది ఆ దేశం నేర్పిన పాఠం.

స్పీడ్ బ్రేకర్ కథ

మన సంఘాలకు బాగా తెలిసిన ఆయుధం స్పీడ్ బ్రేకర్. దీని పూర్వీకులలో ఒకదానిని రూపొందించినవాడు 1927లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఆర్థర్ కాంప్టన్. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో వాహనాల వేగం చూసి విసిగి, 1953లో ఆయన రోడ్డు మీద గట్లకు ఒక నమూనా గీశాడు. 1970లలో బ్రిటన్ పరిశోధకులు ప్రయోగాలు చేసి, ఇరుకైన ఎత్తైన గట్టు కన్న వెడల్పైన గుండ్రని గట్టు మంచిదని తేల్చారు. ఇరుకు గట్టు మీద వేగంగా పోయేవాడికి కుదుపు తక్కువ, మెల్లగా పోయేవాడికి ఎక్కువ. వెడల్పు గట్టు మీద వేగం పెరిగేకొద్దీ కుదుపు పెరుగుతుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇదే నమూనాను మార్గదర్శకంగా స్వీకరించింది. గట్టు వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. దానిని దాటవలసిన వేగం గంటకు 25 కిలోమీటర్లు. ముందుగా హెచ్చరిక బోర్డు, గట్టు మీద నలుపు తెలుపు చారలు ఉండాలి. 2018లో ఈ మార్గదర్శకాలను విస్తరించారు.

ఇక మీ వీధిలోని గట్టును ఒకసారి కొలవండి. మిగిలిపోయిన కాంక్రీటుతో రాత్రికి రాత్రి పోసిన అడుగు వెడల్పు దిబ్బలు, రంగు లేని మట్టిగుట్టలు, వరుసగా బిగించిన ప్లాస్టిక్ పట్టీలు మన కాలనీలలో సర్వసాధారణం. వీటి మీద ఎముకలు గుల్లబారిన వృద్ధురాలు ఆటో వెనుక సీటులో ఎగిరిపడితే వెన్నుపూస నలిగిపోవచ్చు. ద్విచక్రవాహనం వెనుక ఒకవైపుగా కూర్చున్న స్త్రీ జారి తలకు దెబ్బ తగలవచ్చు. విరిగిన కాలితో అంబులెన్సులో ఉన్న రోగికి ప్రతి దిబ్బా ఒక శిక్ష. ఔషధానికి మోతాదు ఉన్నట్టే గట్టుకూ కొలత ఉంది. కొలత తప్పిన మందు విషమవుతుంది.

సంఘానికి ఉన్న అధికారమెంత?

ఇక్కడ చరిత్ర చట్టంతో ముడిపడుతుంది. హైదరాబాద్‌లో నివాస సంఘాలు ఒకప్పుడు నిజాం కాలపు 1350 ఫస్లీ నాటి సొసైటీల చట్టం కింద నమోదయ్యేవి. 1987లో అపార్ట్‌మెంట్ల చట్టం, 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, 2001లో కొత్త సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చాయి. ఇవన్నీ సంఘానికి తన సభ్యుల మీద నియమావళి విధించే వీలు కల్పించాయి. రోడ్డు మీద పోయే బయటివారి మీద పోలీసు అధికారం మాత్రం ఏ చట్టమూ ఇవ్వలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ప్రకారం స్థానికంగా వేగపరిమితి నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చిన సంస్థ.

అందువల్ల మొదట తేల్చుకోవలసింది మీ వీధి ఎవరిది అన్నది. పాత లేఅవుట్ కాలనీల రోడ్లు నగర పాలక సంస్థకు చెందిన ప్రజా మార్గాలు. అక్కడ సంఘం స్వయంగా గట్టు పోయరాదు, గేటు వేసి మూయరాదు. నగర పాలక సంస్థకు, ట్రాఫిక్ పోలీసులకు లిఖితపూర్వకంగా విన్నవించి చేయించుకోవాలి. గేటెడ్ కమ్యూనిటీలో లోపలి రోడ్ల నిర్వహణ సంఘానిదే. అయినా అది చట్టం చేరని దీవి కాదు. ప్రజలకు ప్రవేశమున్న చోటు ప్రైవేటు యాజమాన్యంలో ఉన్నా, ఆ ప్రవేశం నియంత్రణకు లోబడి ఉన్నా, అది ‘బహిరంగ స్థలమే’ అని 1988లో బొంబాయి హైకోర్టు పూర్తి ధర్మాసనం ప్రమాద పరిహార వివాదంలో అభిప్రాయపడింది. మరోవైపు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు విశాఖ ఉక్కు కర్మాగారపు కట్టుదిట్టమైన యార్డు లోపల మాత్రమే తిరిగిన వాహనాల విషయంలో, ఆ యార్డు బహిరంగ స్థలం కాదు కనుక వాటిపై రోడ్డు పన్ను వర్తించదని తీర్పునిచ్చింది. అంటే లోపలికి ఎవరు రాగలరు అన్నదే కీలకం. పాలవాడు, పనిమనిషి, కొరియరు, బంధువులు నిత్యం వచ్చిపోయే మన ఆవరణలకూ కర్మాగారపు యార్డుకూ పోలిక లేదు.

అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో లేక్ హాలిడే అనే నివాస సంఘం తన ప్రైవేటు రోడ్ల మీద వేగపరిమితి మీరిన ఒక సభ్యుడిని సొంత భద్రతా సిబ్బందితో ఆపి జరిమానా పత్రం ఇచ్చింది. ఆ సభ్యుడు కోర్టుకెక్కాడు. 2013లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు సంఘం పక్షాన నిలిచింది. సభ్యుడు చేరేటప్పుడే నియమాలకు అంగీకరించాడన్నది అక్కడి తర్కం. మన సంఘాలకూ ఇది ఒక దారి చూపుతుంది. సర్వసభ్య సమావేశంలో తీర్మానించి నియమావళిలో చేర్చుకున్న వేగపరిమితికి సభ్యుల మీద నైతిక బలమూ, ఒప్పంద బలమూ ఉంటాయి. వాచ్‌మన్ చేత బయటివారి బండి తాళాలు లాగించడానికి మాత్రం ఏ బలమూ లేదు.

బోర్డు ఒక్కటే చాలదు

2019 నవంబరు 4న గచ్చిబౌలి వద్ద బయోడైవర్సిటీ కూడలిలో కొత్త ఫ్లైఓవర్ ప్రారంభమైంది. వేగపరిమితి గంటకు 40 కిలోమీటర్లు. అదే నెల 23న గంటకు 100 కిలోమీటర్లు మించిన వేగంతో వచ్చిన కారు మలుపులో అదుపు తప్పి కింది రోడ్డు మీద పడింది. కింద నిలబడి ఉన్న ఒక మహిళ ప్రాణాలు కోల్పోయింది. వంతెనను మూసివేసి, వేగాన్ని తగ్గించే ఏర్పాట్లు చేశాకనే 2020 జనవరిలో తిరిగి తెరిచారు. బోర్డు మొదటి రోజు నుండీ ఉంది. వేగాన్ని తగ్గించే ఏర్పాట్లు ప్రాణం పోయాక వచ్చాయి.

2023 మే నెలలో హయత్‌నగర్‌లోని ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్ స్థలంలో, ఎండ తాళలేక నీడపట్టున పడుకోబెట్టిన మూడేళ్ల పసిపాప కారు చక్రాల కింద నలిగిపోయింది. ఆ పాప ఆ భవనపు నివాసి కాదు. పక్కన నిర్మాణపు పనికి వచ్చిన కూలి తల్లి బిడ్డ. ఇక్కడ అతివేగం లేదు. ఆ చోట ఒక బిడ్డ ఉండవచ్చునన్న ఊహ లేదు. సంఘాల భద్రతా నియమాలు ‘నివాసుల’ కోసమే రాసుకుంటే ఇటువంటి పిల్లలు ఆ నియమాలలో ఎక్కడా కనబడరు.

మన సంఘాల సమావేశాలలో ఈ విషయం ఎలా నడుస్తుందో మీకు తెలుసు. ఎవరో వాట్సాప్ గ్రూపులో మెల్లగా నడపండని వేడుకుంటారు. డెలివరీ కుర్రవాళ్ల వల్లనే ఇదంతా అని ఒకరు, పిల్లలను రోడ్డు మీద ఎందుకు వదులుతారని మరొకరు అంటారు. ఒక గట్టు పోస్తారు, కారు అడుగు తగులుతున్నదని ఫిర్యాదు వచ్చి దానిని తవ్వేస్తారు. ఎవరి వేగం ఎంతో ఎవరూ కొలిచి ఉండరు. డెలివరీ బండ్ల తొందర నిజమే. పదహారేళ్ల కొడుకు చేతికి స్కూటరు తాళం ఇచ్చి కాలనీలోనే కదా అనుకునే మన అలవాటూ అంతే నిజం. 2019 సవరణతో చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు.

మీ సంఘం చేయదగినవి

మొదట కొలవండి. వీధిలో 50 మీటర్ల దూరానికి రెండు సున్నపు గీతలు గీయండి. బండి ఒక గీత నుండి మరొక గీతకు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులోని స్టాప్‌వాచ్‌తో చూడండి. 9 సెకన్లు పడితే వేగం గంటకు 20 కిలోమీటర్లు, 6 సెకన్లయితే 30, నాలుగున్నర అయితే 40. ఉదయం, సాయంత్రం వంద బండ్లు లెక్కించి, అవి సభ్యులవో బయటివో విడివిడిగా రాసుకోండి. ఎవరినీ పేరు పెట్టి నిందించకుండానే అసలు సంగతి తెలుస్తుంది.

రెండవది, వీధి రూపం. మలుపుల వద్ద చూపును అడ్డుకునే కార్లను తొలగించండి. ప్రమాణాల ప్రకారం కొలిచిన గట్టు, దానికి రంగు, దీపం ఏర్పాటు చేయించండి. సెల్లార్ ర్యాంప్ పైభాగాన అద్దం పెట్టండి. కారు తీసే ముందు చుట్టూ ఒకసారి నడిచి చూడడం అలవాటు చేసుకోండి. పిల్లలకు, పనివారి పిల్లలకు కూడా, నీడ ఉన్న ఒక చోటు బండ్లకు దూరంగా కేటాయించండి.

మూడవది, దొంగల కోసం ‘నేను సైతం’ పథకంలో చందాలు వేసుకొని పెట్టుకున్న సీసీ కెమెరాలున్న కాలనీలు, ప్రమాదం తృటిలో తప్పిన ఘటనలను కూడా వాటిలో చూసి నమోదు చేసుకోవాలి. తృటిలో తప్పిన పది ఘటనలు ఒకే మలుపులో జరిగితే పదకొండవది ఎక్కడో ఊహించడం కష్టం కాదు.

చివరగా, ప్రమాదం జరిగితే 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15 నుండి ఈ సేవ తెలుగునాట అందుబాటులో ఉంది. క్షతగాత్రుని మెడ కదల్చవద్దు. నిప్పో పొగో వంటి తక్షణ ముప్పు ఉంటే తప్ప చోటు మార్చవద్దు. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి ఉంచండి. నీళ్లు తాగించవద్దు. సాయం చేసినవారిని వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2019 సవరణ ఆ రక్షణను చట్టంలో చేర్చింది. కేసు భయంతో వెనుకాడకండి.

ఈ వారాంతంలో మీ కాలనీలోని ఇద్దరు ముగ్గురు కలిసి ఆ రెండు సున్నపు గీతలు గీయండి. వచ్చిన అంకెలను తదుపరి సర్వసభ్య సమావేశపు ఎజెండాలో మొదటి అంశంగా పెట్టమని కార్యదర్శిని కోరండి. గోడల రంగు, లిఫ్టు మరమ్మతు, నీటి ట్యాంకర్ల ఖర్చు ఆ తరువాత మాట్లాడుకోవచ్చు.

సర్వే జనాః సుఖినో భవంతు.